శుభధామం: వేములవాడలో ఒక వలస మతం కట్టుకున్న ఇల్లు

వేములవాడ అనగానే ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది రాజన్న. ధర్మగుండంలో స్నానం, కోడె మొక్కు, శివరాత్రి జాతర. ఆ ప్రాంగణంలోని దర్గాకు కూడా భక్తులు తరతరాలుగా మొక్కుకుంటూ వచ్చిన సంగతి మా వైపు అందరికీ తెలిసినదే. కానీ పదో శతాబ్దంలో ఈ ఊరు లేంబులవాటకం, లేంబులపాటకం అన్న పేర్లతో పిలవబడిన రోజుల్లో ఇక్కడ మరో దేవాలయం ఉండేది. దాని పేరు శుభధామ జినాలయం. ఆ పేరుతో ఈనాడు వేములవాడలో ఏ గుడీ లేదు. రాగి రేకుల మీద పేరు మాత్రం మిగిలింది. ఈ టపా ఆ లేని గుడి గురించి.

దాని మీదకి నా మనసు మళ్ళటానికి కారణం వేములవాడకి ఏ సంబంధమూ లేని మరో జాతి. ఇరాక్, ఇరాన్‌ల దక్షిణ భాగంలో, నదులూ చిత్తడి నేలలూ ఉన్నచోట, మాండియన్లని ఒక చిన్న మతస్థులు శతాబ్దాలుగా ఉన్నారు. బాప్తిస్మమిచ్చిన యోహానును (వారి మాటలో యహ్యా) తమ గురువుల్లో గొప్పవాడిగా తలుస్తారు. వారి పవిత్ర గ్రంథం గింజా. తెల్లని వస్త్రాలు ధరించి ప్రవహించే నీటిలో మునగటం వారి ప్రధాన కర్మ. అది ఒకసారితో తీరేది కాదు, జీవితమంతా మళ్ళీ మళ్ళీ చేయవలసినది. అలా పారే నీటిని వారు యార్దనా అంటారు. వారి గుడి పాతకాలంలో రెల్లూ మట్టీ కలిపి కట్టిన చిన్న పాక. దాని ముందు ఒక కొలను, ఆ కొలనుకి నది నుంచి కాలువ. బయటివారిని మతంలోకి తీసుకోరు. పురోహితుడు లేనిదే ఏ కర్మా సాగదు. ప్రపంచం మొత్తం మీద వారి జనాభా లక్షకు లోపేనని అంచనా. 2003లో ఇరాక్ యుద్ధం మొదలయ్యాక వారిలో చాలామంది దేశం విడిచి ఆస్ట్రేలియాకీ స్వీడన్‌కీ మరెన్నో చోట్లకీ చెదిరిపోయారు. సిడ్నీ పరిసరాల్లో కొన్ని ఆలయాలు ఏర్పరచుకున్నారు. స్వీడన్ దక్షిణాన డాల్బీ అనే ఊళ్ళో కట్టుకున్న ఆలయం 2018లో ప్రతిష్ఠ జరుపుకుంది. దాని పేరు బేత్ మండా యార్దనా. బేత్ అంటే ఇల్లు, మండా అంటే జ్ఞానం.

ఆ 'ఇల్లు' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. జైనుల గుడిని మనం బసది అంటాం. అది సంస్కృతంలోని 'వసతి' నుంచి వచ్చిన మాట. వసతి అంటే ఉండే చోటు. ధామం అన్నా ఇల్లే. శుభధామం అంటే శుభమైన ఇల్లు. వేరే నేల నుంచి వచ్చినవాళ్ళు తమ మతానికి కొత్త ఊళ్ళో ఒక ఇల్లు కట్టుకుంటే, అది దేని మీద నిలుస్తుంది? ఎందుకు పోతుంది? పోయాక ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నలకి పదో శతాబ్దపు వేములవాడ దగ్గర కొన్ని జవాబులు దొరుకుతాయి.

ముందు కొంచెం నేపథ్యం. వేములవాడ చాళుక్యులు మాన్యఖేట రాష్ట్రకూటులకి సామంతులు. మొదట బోధన్ వైపు ఉండి, తరువాత వేములవాడని రాజధాని చేసుకున్నారు. వీరి ఏలుబడిలోని ముఖ్యభాగం సబ్బినాడు, అంటే సుమారుగా మన కరీంనగర్ సీమ. వీరిలో మొదటి బద్దెగుడు నలభైరెండు యుద్ధాలు గెలిచినవాడని ప్రసిద్ధి. వేములవాడలోని భీమేశ్వరాలయం అతని పేరు మీద వెలసిన బద్దెగేశ్వరమేనని చరిత్రకారుల మాట. అంటే ఇది శివుణ్ణి కొలిచిన వంశమే. అయినా జైనాన్ని అంతే ఆదరంగా చూసింది. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. ఆ కాలపు దక్కనులో రాజుకి ఒకే మతం ఉండాలనే నియమం లేదు. రాజు ఇంటి దేవుడొకరు, రాజు పోషించే గురువు మరొకరు కావటం మామూలే.

ఆ ఆదరణ పొందినవారిలో ముఖ్యుడు సోమదేవ సూరి. ఇతను ఎక్కడివాడో కచ్చితంగా చెప్పలేం గానీ, తామ్రశాసనం ఇతణ్ణి గౌడ సంఘానికి చెందిన మునిగా పేర్కొంటుంది. యశోదేవుని శిష్యుడు నేమిదేవుడు, నేమిదేవుని శిష్యుడు సోమదేవుడు. గౌడ సంఘమన్న పేరుని బట్టి ఆ మునుల మూలాలు ఈ దేశంలో కాక తూర్పున, గౌడదేశం వైపు ఉన్నాయని ఊహించటానికి వీలుంది. ఇతను రాసిన యశస్తిలక చంపువు సంస్కృత సాహిత్యంలో పేరెన్నికగన్నది. నీతివాక్యామృతం రాజనీతి మీద సూత్రాల గ్రంథం. యశస్తిలకాన్ని శక సంవత్సరం 881లో, అంటే క్రీ.శ. 959లో, గంగాధరలో ముగించానని చివర తానే చెప్పుకున్నాడు. అప్పుడు రాష్ట్రకూట చక్రవర్తి మూడో కృష్ణుడు దక్షిణదేశాన్ని జయించి మేల్పాటిలో విడిది చేసి ఉన్నాడని కూడా రాశాడు. అదే ఏడాది మేల్పాటి నుంచే కృష్ణుడు ఇచ్చిన కర్హాడ్ తామ్రశాసనం ఈ మాటని నిలబెడుతుంది. కావ్యం చివరి మాటలు, చక్రవర్తి దానపత్రం ఇలా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పటం మన చరిత్రలో అరుదు. ఈ గంగాధర కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో ఉన్న గంగాధరే అని పండితుల నిర్ణయం.

యశస్తిలకం కథ విచిత్రమైనది. యశోధరుడనే రాజు తల్లి ఒత్తిడికి తలవంచి బలి ఇస్తాడు. ప్రాణమున్న కోడిని కాదు, పిండితో చేసిన కోడిపుంజుని. ఆ సంకల్పానికే తల్లీ కొడుకులు జన్మజన్మలు పశుపక్ష్యాదులై పుట్టి బాధలు పడతారు. కోళ్ళూ మేకలూ బలి ఇచ్చే జనం నడుమ కూర్చుని, పిండి కోడి కూడా పాపమేనని రాశాడంటే ఇతను తన మతంలో ఎంత నిక్కచ్చి మనిషో తెలుస్తుంది. కానీ అదే కావ్యం చివరి భాగంలో, గృహస్థులైన జైనులు ఎలా నడుచుకోవాలో చెప్పే చోట, అతనే ఒక మెత్తని సూత్రం ఇస్తాడు. తమ సమ్యక్త్వానికి హాని, తమ వ్రతాలకి దోషం కలగనంత వరకూ, లోకంలోని ఆచారాలన్నీ జైనులకి సమ్మతమేనని దాని సారాంశం.

నన్నడిగితే, పరాయి నేల మీద బతకవలసిన ఏ చిన్న మతానికైనా ఇంతకంటే పనికొచ్చే నియమం మరొకటి లేదు. ఏది వదిలితే తాము తాము కాకుండా పోతామో అది గట్టిగా పట్టుకోవటం, తక్కినదంతా ఊరివారితో కలిసి నడవటం. చెప్పటం తేలికే. ఏది ఏ వైపు పడుతుందో తేల్చుకోవటంలోనే కష్టమంతా. పండుగా, బట్టా, పెళ్ళి తంతూ లోకాచారమే అనుకుందాం. మరి భాషో?

ఇక గుడి సంగతి. మహారాష్ట్రలోని పర్భణిలో దొరికిన రాగి రేకులు శక 888, అంటే క్రీ.శ. 966 నాటివి. దాత మూడో అరికేసరి. అతని తండ్రి రెండో బద్దెగుడు (రేకుల్లో వద్యగుడు) లేంబులపాటకంలో శుభధామ జినాలయమనే వసతిని కట్టించాడు. దాని మరమ్మతులకీ, సున్నం పనికీ, పూజా నైవేద్యాలకీ సబ్బి వెయ్యిలోని రేపాక పన్నెండు ఊళ్ళలో వనికటుపులు అనే గ్రామాన్ని అరికేసరి సోమదేవ సూరికి దానమిచ్చాడు. రేపాక పేరు నేటికీ రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక ఊరికి ఉంది.

ఈ దానపత్రాన్ని నెమ్మదిగా చదివితే ఆ గుడి ఎలా నడిచిందో అర్థమవుతుంది. కట్టించింది రాజు. నడిపేది గురువు. ఖర్చు భరించేది పొలం. ఏ వస్తువూ తనదని చెప్పుకోరాని దిగంబర ముని చేతికి ఒక గ్రామపు రాబడి వస్తోంది. అప్పటి దక్కనులో జైన ఆచార్యులు ఇలా భూదానాలు పుచ్చుకోవటం ఆనవాయితీయే. చాతుర్మాస్యం తప్ప ఒకచోట నిలవకూడని సన్న్యాసికి 'వసతి' కట్టినప్పుడే, ఆ వసతికి గోడలకి సున్నం, దేవుడికి నైవేద్యం, వాటికి పొలం, పొలానికి రాజముద్ర తప్పనిసరి అయ్యాయి. ఇందులో కనిపించనిది ఒక్కటే, ఊరి జనం. శుభధామాన్ని జనం చందాలతో నిలబెట్టారన్న మాట ఆ రేకుల్లో లేదు.

ఆ దానం జరిగిన మరుసటి ఏడే మూడో కృష్ణుడు మరణించాడు. 972లో పరమార సీయకుడు మాన్యఖేటాన్ని కొల్లగొట్టాడు. 973లో రెండో తైలపుడు రాష్ట్రకూటుల్ని తొలగించి కల్యాణి చాళుక్య రాజ్యాన్ని నెలకొల్పాడు. మూడో అరికేసరి తరువాత వేములవాడ చాళుక్యుల జాడ చరిత్రలో లేదు. 959లో కావ్యం, 966లో దానం, 973లో పతనం. ఏడేసి ఏళ్ళ ఎడంలో అంతా అయిపోయింది.

అయితే అదే సీమలో, అదే మతానికి చెందిన మరో కుటుంబం మరో పద్ధతిలో తన ఇల్లు కట్టుకుంది. దాని కథ వేరు.

కన్నడ ఆదికవి పంపుడు రెండో అరికేసరి ఆస్థానంలో ఉండేవాడని, 941 ప్రాంతంలో విక్రమార్జున విజయం రాశాడని అందరికీ తెలుసు. అతని వంశం వేంగి దేశంలోని వంగిపర్రు నుంచి వచ్చింది. కమ్మనాటి బ్రాహ్మణులు, శ్రీవత్స గోత్రం. పూర్వీకుడైన మాధవ సోమయాజి యజ్ఞాలు చేసినవాడు. తండ్రి జైనం పుచ్చుకున్నాడు. పంపుని కావ్యంలో ఆయన పేరు అభిరామదేవరాయలు, శాసనంలో భీమపయ్య. తల్లి అబ్బణబ్బె ఇప్పటి ధార్వాడ జిల్లాలోని అణ్ణిగేరికి చెందిన జోయిస సింగుని మనుమరాలు. అంటే తండ్రిది కృష్ణాతీరం వైపు, తల్లిది కన్నడ దేశం, కొడుకుల బతుకు గోదావరికి ఈవలి సబ్బినాట. మూడు సీమల మీదుగా నడిచిన కుటుంబమిది. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన బ్లాగ్మిత్రులకి ఇలాంటి ఇంటిని ప్రత్యేకించి వర్ణించి చెప్పనక్కరలేదు.

పంపుని తమ్ముడు జినవల్లభుడు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద చక్రేశ్వరినీ తీర్థంకరులనీ చెక్కించి, వాటి కింద శాసనం వేయించాడు. ఆ గుట్టకి శాసనంలో ఉన్న పేరు వృషభగిరి. త్రిభువనతిలకమనే బసదినీ, అన్న బిరుదు మీద కవితాగుణార్ణవమనే చెరువునీ, మదనవిలాసమనే తోటనీ ఏర్పరచానని అందులో ఉంది. పంపునికి అరికేసరి ధర్మపురమనే అగ్రహారాన్ని ఇచ్చిన సంగతీ ఉంది. తేదీ లేదు గానీ, 945 ప్రాంతపుదని పరిశోధకుల అంచనా.

ఈ శాసనం ప్రత్యేకత అందరూ ఎరిగినదే. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో పద్యాలున్నాయి. తెలుగువి మూడు కందాలు. నన్నయకి సుమారు వందేళ్ళ ముందే మన దేశంలో ఎవరో చక్కగా గణాలు కుదిర్చి కందం రాశారు. మనవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆగి, 'చూశారా, కందం ఎంత పాతదో' అని సంతోషిస్తారు. సంతోషించవలసిందే. కానీ నా దృష్టి ఆ పద్యాల విషయం మీదకి పోతుంది. జినభవనాలు ఎత్తించటం, జినపూజలు చేయటం, జినమునులకి ఇష్టమైన అన్నం పెట్టటం, ఈ మూడింటిలో జినవల్లభునికి సాటి ఎవరన్నది వాటిలో ఒకదాని సారం. ఒక బసది చేసే పని మొత్తం ఆ చిన్న పద్యంలో ఇమిడిపోయింది. గోడ, దీపం, అన్నం.

ఆ మాట తెలుగులో ఎందుకు చెప్పాలి? శాస్త్రానికి సంస్కృతం ఉంది. ఆస్థానానికీ, అన్నగారి కవిత్వానికీ కన్నడం ఉంది. తెలుగు ఎవరికోసం? గుట్ట కింద పొలాలు దున్నుకునేవారి కోసం, ఆ చెరువు నీళ్ళు పారించుకునేవారి కోసమని నా ఊహ. వారిలో ఎందరు అక్షరాలు చదవగలరన్నది వేరే మాట. చదివి వినిపించేవాడు ఒకడుంటే చాలు, అర్థం కావటానికి వారికి మధ్యవర్తి అక్కరలేదు. పైగా వంగిపర్రు నుంచి వచ్చిన ఇంటికి తెలుగు పరాయిదీ కాదు. రాజు పోయినా పొరుగువారు ఉంటారన్న ఎరుక ఆ రాతిలో కనిపిస్తుంది. చెరువు కూడా అలాంటిదే. గుడి జైనులది, నీళ్ళు అందరివీ.

ఇప్పుడు ఆ రెండు ఇళ్ళలో ఏది మిగిలిందో చూడండి. రాజు కట్టించి, గ్రామం రాసిచ్చిన శుభధామం లేదు. వేములవాడలో దొరికిన జైన శిల్పాలు ఒకప్పటి వైభవానికి గుర్తులుగా ఉన్నాయి, అంతే. కురిక్యాల గుట్ట మాత్రం మిగిలింది. జైనులు మిగల్చలేదు. ఆ చక్రేశ్వరిని ఊరివారు బొమ్మలమ్మ అని పిలుచుకుని, తమ అమ్మవారిగా చేసుకున్నారు. గుట్ట పేరు కూడా ఆమెదే. హనుమకొండలోనూ ఇదే జరిగింది. కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ 1117లో అక్కడి గుట్ట మీద కడలాలయ బసదిని కట్టించి శాసనం వేయించింది. ఈనాడు అది పద్మాక్షి అమ్మవారి గుట్ట. బతుకమ్మల కాలంలో ఆ గుట్ట కింది చెరువు దగ్గర ఆడవాళ్ళ సందడి చూసినవారికి, అది ఒకనాటి జైన క్షేత్రమంటే నమ్మబుద్ధి కాదు.

శైవులు జైనుల్ని తరిమేశారన్న కథ తెలంగాణలో ఊరూరా వినిపిస్తుంది. ఘర్షణలు జరగలేదని నేననను. వీరశైవ కథల్లోనే వాటి ఛాయలున్నాయి. కానీ వేములవాడ రాజ్యం కనుమరుగైన నూటనలభై ఏళ్ళకి కూడా ఈ సీమలో ఒక మంత్రి భార్య కొత్తగా బసది కట్టించగలిగిందంటే, ఒక్క దెబ్బతో అంతా పోలేదన్నమాట. శుభధామం పోవటానికి కత్తి అవసరం లేదు. దానమిచ్చిన వంశం లేకపోవటం, గురువు తరువాత గురువు రాకపోవటం, పొలం రాబడి మరో చేతికి మళ్ళటం చాలు. సున్నం పడని గోడ వానలకి ఎన్నేళ్ళు ఆగుతుంది?

మరో చిత్రం చూడండి. యాదాద్రి వైపున్న కొలనుపాక జైన క్షేత్రం నేటికీ నిత్యపూజలతో ఉంది. అక్కడికి వచ్చే భక్తుల్లో ఎక్కువమంది రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి వ్యాపారానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. పాత వలస ఆరిపోయిన నేల మీద, అదే మతం వేరే వలసతో మళ్ళీ వెలిగింది.

గుట్ట మిగిలిందన్నాను గానీ, నిశ్చింతగా మిగల్లేదు. కరీంనగర్ గుట్టలు ఎన్నో గ్రానైటు దిమ్మెలై ఓడలెక్కి విదేశాలకి పోయాయి. బొమ్మలగుట్ట చుట్టూ కూడా ఆ తవ్వకాల భయం ముసిరింది. జిల్లాలోని చరిత్రాభిమానులు గొంతెత్తవలసి వచ్చింది. 2008 అక్టోబరు 31న కేంద్రప్రభుత్వం తెలుగుకీ కన్నడానికీ ఒకేరోజున ప్రాచీన భాష హోదా ఇచ్చింది. తెలుగు ప్రాచీనతను గురించి మాట్లాడిన ప్రతిచోటా కురిక్యాల శాసనం పేరు వస్తూనే ఉంది. ఏ రెండు భాషలకి ఒకేరోజున గౌరవం దక్కిందో, ఆ రెండూ పక్కపక్కన ఉన్న బండ అది. హోదా కోసం పోట్లాడిన మనం ఆ బండ ఎక్కడుందో చూసివచ్చామా అంటే, జవాబు చెప్పటం కష్టం. నిజానికి ఇన్ని వందల ఏళ్ళూ దాన్ని కాచింది పండితులు కారు. అమ్మవారని నమ్మి పసుపు కుంకుమ పెట్టిన పల్లె జనం.

ఇక స్వీడన్‌లోని ఆ మాండియన్ల ఇంటికి వస్తే, వారి ఎదుట ఉన్నవి సోమదేవుని నాటి ప్రశ్నలే. ప్రవహించే నీరు వారికి సమ్యక్త్వం వంటిది, వదలటానికి లేదు. నది గడ్డకట్టే దేశంలో ఇంటి లోపలి కొలనుకి ఒప్పుకోవటం లోకాచారమా, వ్రతభంగమా? పురోహితులు కొద్దిమంది. మంత్రాలు మాండాయిక్‌లో, పిల్లల మాటలు స్వీడిష్‌లో. రాజుల దానాలు ఎలాగూ లేవు. మన పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుని గుడికైనా 1970లలో డాక్టర్లూ ఇంజనీర్లూ చందాలు వేసుకున్నారు, అర్చకులు కావాలంటే వెనక తిరుపతి ఉంది. వెనక ఊరే లేనివారి సంగతి ఊహించండి.

వారికి చెప్పటానికి నేనెవరిని గానీ, మా జిల్లా రాళ్ళు చెప్పేది ఇది. గోడలకి సున్నం వేసే ఏర్పాటు ఎంత అవసరమో, పొరుగువాడి భాషలో మూడు పద్యాలు చెక్కించటం కూడా అంతే అవసరం. మొదటిది గుడిని మన పిల్లల దాకా తీసుకువెళ్తుంది. రెండోది, మన పిల్లలు లేని రోజున కూడా, ఆ గుడిని ఎవరో ఒకరి చేతిలో పెడుతుంది. ఆ చేతులు దాన్ని మనం పెట్టిన పేరుతో పిలవకపోవచ్చు. చక్రేశ్వరి బొమ్మలమ్మ అయినట్టు.

కరీంనగర్ వైపు వచ్చే మిత్రులు వేములవాడలో రాజన్నని దర్శించుకున్నాక, ఒక పూట కురిక్యాలకి కూడా కేటాయించండి. పొద్దున్నే వెళ్ళండి, ఎండ పడితే బండ కాలుతుంది. ఏటవాలు వెలుగులో అక్షరాలు కూడా బాగా కనిపిస్తాయి.